బెల్లం నీళ్లు తాగిన రాళ్ల బాట

కూసోండ్రి, కూసోండ్రి! నా కాలు దిక్కు గట్ల సూడకుండ్రి, అది యాడికీ పోదు. పోలేకనే కదా మంచం మీద పడి ఉన్న! ఓ లచ్చమ్మా, మనోళ్లు వచ్చిండ్రు, జర చాయ పెట్టు. నవ్వేదుంటే ఇప్పుడే నవ్వుండ్రి బావా, కథ నడిమిట్ల నవ్వితే నాకు కోపమొస్తది. మొన్న గురువారం నాడు ఏమైందో ఊరంత ఒక్కొక్కరు ఒక్కో తీరుగ చెప్పుకుంటున్నరట. మాలీ మల్లయ్య చీమలకు భయపడి దుంకిండట! భయపడి కాదయ్యా, కరిస్తే దుంకిన. రెండిటికీ ఫరకు లేదా?

సరే, మొదటి సంది చెప్త. వకీలు సాబు ఇంటెనక రాళ్ల తోట మీలో కొందరు సూసిండ్రు, కొందరు సూడలేదు. తోటంటే మల్లెలు, జామచెట్లు అనుకునేరు. అదేం లేదు. అన్నీ గుండ్లే. ఇంటికంటె ఎత్తు గుండ్లు, ఒకదాని మీద ఒకటి, ఎవరు పేర్చిండ్రో ఎన్నడు పేర్చిండ్రో! వకీలు సాబు నాయిన ఉన్నప్పుడు ఆ గుండ్ల సందుల్లకెళ్లి పలక బండలు పరిపించి బాట ఏయించిండు. బాట గుండ్ల సుట్టు తిరుక్కుంట తిరుక్కుంట పైకి పోయి, అన్నిటికంటె పెద్ద గుండు కాడ ఆగుతది. ఆ బాట మంచీ సెడ్డా సూసుకునుడే నా కొలువు. గడ్డి పీకాలె, పాచి గీకాలె, కదిలిన బండను మళ్ల కుదురుగ కూసోబెట్టాలె.

నిజం చెప్తున్న, ఇన్నేండ్లయినా ఆ గుండ్లను సూస్తే నాకు ఒళ్లు జలదరిస్తది. ఒక గుండున్నది, గింతంత రాయి మొన మీద నిలబడ్డది. గాలికి పడలే, వానకు పడలే, రజాకార్ల గడిబిడి దినాలల్ల పక్క సందుల తుపాకులు పేలినా పడలే. దాని కిందికెళ్లి పోయేటప్పుడు నేను తలకాయ వంచి పోత. తలకు తగులుతదని కాదు, మర్యాదకు.

ఇగ ఆ గడిబిడి దినాలల్లనే వకీలు సాబు ఇంటిల్లపాదినీ ఎంటబెట్టుకొని మునగాల పోయిండు. మునగాల మన నడుమనే ఉన్నా అప్పుడు మద్రాసోళ్ల ఇలాకా కదా, రజాకార్లు ఆడికి రారని ధైర్యం. నేను, లచ్చమ్మ మా అత్తగారింటికి పోయినం. తోటను సూసేటోడు లేడు. పోలీసు యాక్షన్ అయినంక అందరం తిరిగొచ్చినం. వచ్చిన నాడే పెద్దమ్మ, అంటే వకీలు సాబు తల్లి, ఎవరికీ చెప్పకుండ ఒక్కతే తోటలకు పోయింది. పెనిమిటి కట్టిన బాట ఎట్లున్నదో సూసుకోవాల్నని ఆమె ఆరాటం. బండల మీద వానలకు పాచి పట్టి ఉన్నది. సర్రున జారింది, కాలు విరిగింది.

పెన్‌పహాడ్ నుంచి కట్లు కట్టే పెద్దమనిషి వచ్చిండు. ఆయన చెయ్యి మంచిది, ఎముక అతుక్కున్నది. అతుకనిది ఒక్కటే, పెద్దమ్మ ధైర్యం! కట్టు ఇప్పినంక కూడ మంచం దిగదు. దించితే కాలు నేల మీద ఈడ్సుకుంట రెండడుగులేసి, "నాతోని కాదు బిడ్డా" అని కూసుంటది. కట్లాయన వచ్చి సూసి మొకం చిన్నగ చేసుకున్నడు.

"అమ్మా, కాలు ఈడ్వొద్దు. మోకాలు మడిసి, ఎత్తి ఎయ్యాలె. గిట్లనే కూసుంటే కాలు కట్టె లెక్క బిగుసుకపోతది. అటెనక నేను కాదు, ధన్వంతరి వచ్చినా ఏం చెయ్యలేడు" అన్నడు.

వకీలు సాబు కచేరీల ఎంత గట్టిగ మాట్లాడుతడో మీకెరికే. ఆ మనిషి ఆనాడు వరండాల నిలబడి కండ్లు తుడుసుకున్నడు. నేను సూసిన. నన్ను పిలిచి, "మల్లయ్యా, అమ్మ నడిస్తే ఆ తోటలనే నడుస్తది. ఇంట్ల నడవదు. బాట మంచిగ చెయ్. ఆమెకు ధైర్యం రావాలె" అన్నడు.

నేను ఊకుంటనా? "సాబ్, చిన్నపోరగాడు కండ్లు మూసుకొని ఉరికినా జారకుండ చేస్త. పెద్దమ్మను నేను నడిపిస్త!" అన్న. సాబు కాడనే కాదు, అంగడి కాడ, చాయ హోటలు కాడ, బండ్లు ఆగే కాడ, కనవడ్డోనికల్లా చెప్పిన. బావా, నీకు కూడ చెప్పిన కదా! అదిగో, నవ్వుతున్నవ్.

పని మాత్రం ఒళ్లు దాచుకోకుండ చేసిన. ఇటుక ముక్క, బూడిద, కొబ్బరి పీచు పట్టుకొని ఒక్కొక్క బండ మీద పాచి గీకిన. ఎన్నేండ్ల పాచో, కిందికెళ్లి బండ అసలు రంగు బయటపడ్డది, ఎర్రటి చారలు, నల్లటి చుక్కలు, నడుమ నడుమ అభ్రకం తళుకులు. నేనే మొదటిసారి సూస్తున్నట్టు కూసోని సూసిన. అటెనక ముంత నిండ నీళ్లు వోసి బండ మీద పెట్టి, పక్కన కాలేసి తొక్కిన. నీళ్లు తొణికితే బండ కదులుతున్నట్టు. దాన్ని గడ్డపారతోని లేపి, కింద మొరం దట్టించి, మళ్ల కూసోబెట్టి, మళ్ల ముంత పెట్టిన. తొణకొద్దు. అట్ల అన్ని బండలు. అది కూడ సాలదని, తిరగలికి గంట్లు కొట్టినట్టు ఉలితోని బండలకు గంట్లు కొట్టిన. ఇగ దాని మీద నూనె వోసినా జారదు. ఆ మాట ఇప్పటికీ అంట, బాట మీద ఎవ్వడూ జారలేదు, జారడు!

ఇగ మిగిలింది బండకూ బండకూ నడుమ సందులు. బెత్తెడు బెత్తెడు ఉన్నయి. పెద్దమ్మ కాలి వేలు ఇరుక్కుంటే మళ్ల మొదటికొస్తది. వాటిని డంగు సున్నంతోని పూడ్చాల్నని నా ఆలోచన. మా తాత గడీ గోడలు కట్టేటప్పుడు డంగు సున్నం కలిపినోడు. సున్నం, ఇసుక గానుగల నలిపి, అండ్ల కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తే అది ఎండినంక గునపం దిగదు. తాత చెప్పంగ చిన్నప్పుడు విన్న. విన్న అంటే, సగం విన్న.

సున్నం బండి మిర్యాలగూడ నుంచి రావాలె. రాలే! తొవ్వల వాగు మీది మోరీ కూలిందట. గురువారం మంచి రోజని పెద్దమ్మ తనంతట తానే ఒప్పుకున్నది, "గురువారం ఒక్కసారి తోట దాక వస్త, భయమైతే మళ్ల అడగొద్దు" అన్నది. ఆ ఒక్కసారే ఆమె మాట. ఇగ బుధవారం పొద్దుగాల నా చేతిల ఉన్నది రెండు గంపల సున్నం, అంతే. ఏం చేస్త? సందులల్ల మొరం నింపి, పైన సున్నం పూత లెక్క సల్లి, దాని మీద బెల్లం నీళ్లు పోద్దామనుకున్న. గట్టిదనం సున్నంల తక్కువైతే బెల్లంల ఎక్కువ చేస్తే సరి కదా? కోదాడ నుంచి మా బామ్మర్ది తెచ్చిన బెల్లం ముద్దలు ఇంట్ల ఉన్నయి. పెద్ద గంగాళంల నీళ్లు కాగబెట్టి అన్నీ వేసిన.

లచ్చమ్మ వచ్చి గంగాళంల తొంగి సూసి, "ఓ అయ్యా, బాట చేస్తున్నవా, లడ్డూలు చేస్తున్నవా?" అన్నది.

"ఎంత తీపైతే అంత గట్టి. నీకు గచ్చు సంగతి ఏమెరుక?" అన్న.

"కరక్కాయ సంగతి చెప్పు!"

విన్నరా, లచ్చమ్మ ఇప్పుడు పొయ్యి కాడికెళ్లే అరుస్తున్నది. చెప్తున్న, చెప్తున్న. కరక్కాయ వేయలే. కరక్కాయ దినాల తరబడి నానబెట్టాలె. టైము లేదు, అదొక్కటి పోతే ఏమైతదిలే అనుకున్న. ఇప్పుడు తెలిసింది, నేను కలిపింది గచ్చు కాదు, షర్బత్తు. గంగాళం గంగాళం మోసుకపోయి ఒక్క సందు ఇడువకుండ పోసిన. మాపటికి బాట ఘుమఘుమ వాసన! నాకు నేనే మెచ్చుకొని ఇంటికొచ్చిన.

గురువారం పొద్దుగాల తానం చేసి, తెల్ల ధోతి కట్టి, కొత్త రుమాలు చుట్టి పోయిన. వకీలు సాబు, ఇంకో మనిషి పట్టుకొని పెద్దమ్మను కుర్చీతో సహా తోట మొదట్ల దించిండ్రు. ఆ మనిషి వెళ్లిపోయిండు. నేను ముందుకు పోయి, "పెద్దమ్మా, ఇగో మీ బాట!" అని చెయ్యి చాపిన.

చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.

సందులన్నీ నల్లగున్నయి. మొదలు నేను సున్నం మాడిందేమో అనుకున్న. వంగి సూసిన. అవి కదులుతున్నయి! చీమలు! గండు చీమలు, ఎర్ర చీమలు, కంటికి ఆననంత సన్న చీమలు. ఒక్క సందు ఇడువలే. బండ బండ సుట్టూ నల్ల గీత, ఆ గీతల నుంచి ఇంకో గీత, గుండ్ల సుట్టు తిరిగి, బాట ఎట్ల పోతే అట్ల, పైన పెద్ద గుండు దాక. రాత్రికి రాత్రి ఎవరో తోటంత ముగ్గేసిపోయినట్టు ఉన్నది, కాకపోతే ముగ్గు నడుస్తున్నది. బండల మీద మాత్రం ఒక్కటి లేదు. నేను కడిగి గీకిన బండలు శుభ్రంగ, సందుల్ల చీమల వాగులు. నా జన్మల అట్లాంటిది సూడలే బావా. నా కొలువు పోతదని భయమైంది, అయినా సూపు మరలలేదు.

వకీలు సాబు మొకం ఎర్రబడ్డది. "మల్లయ్యా! ఏంది ఇది?"

"సాబ్, బెల్లం… గట్టిగ ఉంటదని…"

"అమ్మ కాలు పెట్టేది ఈ చీమల్లనా? ఊడ్చెయ్, జల్ది ఊడ్చెయ్! నీళ్లు కొట్టు!"

నేను చీపురు కోసం ఉరికిన. పెద్దమ్మ కుర్చీలకెళ్లి గట్టిగ అరిచింది. "ఆగు! ఒక్క చీమ చచ్చినా నేను మళ్ల ఈ తోట మొకం సూడను! శనివారం శనివారం నూకలు వోసి సాకిన చేతులివి. గుక్కెడు తీపి కోసం వచ్చినయి పాపం, వాటిని చంపుతవా?"

ఇగ చీపురు కింద పెట్టిన. అయిపోయింది, ఖతం. పెద్దమ్మ ఇప్పుడు లోపలికి పోదామంటది, మళ్ల అడగొద్దంటది. ఆమె కాలు కట్టె లెక్క బిగుసుకపోయినంక, దానికి కారణం నేనని వకీలు సాబు జన్మంత అనుకుంటడు. ఏదో ఒకటి చేసి ఆమెను నిలబెట్టాల్ననిపించింది.

"అమ్మా, చీమలు సందుల్లనే ఉన్నయి, బండలు గట్టిగున్నయి, సూడుండ్రి!" అని బండ మీద ఎక్కి ఎగిరి సూపించిన. చెప్పుల్లేవు. ఎగిరినోన్ని, మడమ సందుల పడ్డది. గండు చీమలు ఊకుంటయా? పిక్కకెక్కినయి. అటెనక మోకాలుకు. అటెనక… లచ్చమ్మ ఉన్నది, యాడికెక్కినయో చెప్పను. పీర్ల పండుగనాడు అలావ నిప్పుల సుట్టు ఎగిరినట్టు ఎగిరిన. ఎగురుకుంట బాట ఇడిసి పక్క గుండు మీద కాలేసిన. బాటనైతే గీకిన గని, పక్క గుండును ఎవడు గీకిండు? అక్కడ ఏండ్ల పాచి అట్లనే ఉన్నది. సర్రుమన్నది! కింద పడ్డ. కాలు మడత పడి టక్కుమన్న సప్పుడు నా చెవులకే వినవడ్డది.

నోరు తెరిచిన, అరుద్దామని. అప్పుడు సూసిన.

పెద్దమ్మ నిలబడ్డది.

నన్ను సూసి కాదు. నేను పడ్డది ఆమెకు తెల్వనే తెల్వదు. ఆమె సూపంత చీమల మీద. ఒక మిడత రెక్కను ఓ చీమల గుంపు నిలువుగ ఎత్తి పట్టుకొని మోసుకపోతున్నయి, ఎండకు పచ్చగ మెరుస్తున్నది ఆ రెక్క. "అరె, ఇంత మోత యాడికి మోస్తున్నయిరా ఇవి?" అనుకుంట ఆమె కుర్చీ ఇడిసి మొదటి బండ మీద కాలు పెట్టింది. వకీలు సాబు పట్టుకుందామని ముందుకు వంగి, అట్లనే ఆగిపోయిండు.

బండ అయిపోయింది. ముందట సందు, సందు నిండ చీమలు. తొక్కొద్దు కదా! పెద్దమ్మ చీర కుచ్చెళ్లు జరంత పైకి పట్టుకున్నది. మోకాలు మడిసింది. కాలు ఎత్తింది. కట్లాయన నోరు నొప్పిపుట్టేదాక చెప్పిన తీరుగ, ఎత్తి, సందు దాటించి, అవతలి బండ మీద ఏసింది! మళ్ల సందు. మళ్ల ఎత్తింది. ఒక్కసారి గూడ ఈడ్వలే. మందులకు, మొక్కులకు, కొడుకు కన్నీళ్లకు లేవని కాలు, చీమ చావొద్దని లేస్తున్నది.

ఇగ నా తిప్పలు వినుండ్రి. నేను గుండు కింద పడి ఉన్న. కాలు గుమ్మడికాయ లెక్క వాస్తున్నది. ధోతిల చీమలు ఊరేగుతున్నయి. ఒక్క అరుపు అరిస్తే పానం నిమ్మలమైతది. గని అరిస్తే పెద్దమ్మ ఉలికిపడ్తది, మళ్ల భయపడ్తది, అక్కడికక్కడ కూసుంటది. రుమాలు నోట్లె కుక్కుకున్న. కండ్లకెళ్లి నీళ్లు కారుతున్నయి. అవి కాలు నొప్పికో, చీమలకో, ఆమెను సూసో నాకే తెల్వదు. వకీలు సాబు అటు నిలబడి చేతితోని నోరు మూసుకున్నడు, నేను ఇటు పడి రుమాలుతోని నోరు మూసుకున్న. నడుమ తల్లి ఒక్కతే, పొద్దటి ఎండల, అంతంత గుండ్ల కిందికెళ్లి కాలెత్తి కాలెత్తి పోతున్నది. మొన మీద నిలబడ్డ గుండు కింద కూడ పోయింది. ఆ గుండు ఏమీ కానట్టే నిలబడ్డది. నాకప్పుడు దాని కంటె ఆమెనే పెద్దగ కనవడ్డది, నిజంగ.

పైదాక పోయింది. పెద్ద గుండుకు సన్న నెర్రె ఉన్నది, చీమలన్నీ అండ్లకు దిగిపోతున్నయి. మిడత రెక్క కూడ అడ్డంగ తిరిగి, నిలువుగ తిరిగి, ఎట్లనో లోపలికి పోయింది. పెద్దమ్మ గుండు మీద అరచెయ్యి ఆనించి, చెవి పెట్టి విన్నది.

"కొడుకా, లోపల ఎంత పెద్ద ఊరున్నదో! మనం మీదనే నడుస్తున్నం, మనకెరుకనే లేదు!" అన్నది. అన్నాక తల తిప్పి, కింద నన్ను సూసింది. "నువ్వేంది మల్లయ్యా, పని ఇడిసిపెట్టి గాడ పండుకున్నవ్?"

అప్పుడు అరిచిన సూడుండ్రి! అంగడి దాక వినవడ్డదని మీరే అంటున్నరు కదా.

వకీలు సాబు కోపం ఎటు పోయిందో తెల్వదు. తనే భుజం పట్టి నన్ను లేపిండు, తనే ధోతి దులిపిండు. కొలువు పోలే. మధ్యాన్నం కట్లాయన పెద్దమ్మ కాలు సూద్దామని వచ్చి, నా కాలు సూసి కట్టు కట్టిండు. "ఆమె పని అయిపోయింది. ఇగ నీ పని మొదలు" అని నవ్విండు. ఎముక నెర్రె బడ్డదట.

అసలు కథ ఇయ్యాల పొద్దుగాల అయింది. గిట్లనే మంచం మీద పండుకొని ఉన్న. వాకిట్ల అడుగుల సప్పుడు. సూస్తే పెద్దమ్మ! ఎవరూ పట్టుకోలే. వాళ్లింటికెళ్లి మా ఇంటి దాక, గల్లీ అంత నడిసి వచ్చింది. వచ్చి, గడప కాడ జర నిలబడి, కాలు ఎత్తి గడప దాటింది. నాకు లేసి దండం పెట్టాల్ననిపించింది, లేవనీకి లేదాయె.

"లెవ్వు మల్లయ్యా" అన్నది.

"నాతోని కాదు పెద్దమ్మా. భయమైతది" అన్న.

"అందరికీ భయమే అయితది. మంచి కాలు మీద బరువెయ్యి. పట్టుకో నన్ను" అని భుజం ఇచ్చింది. ఆ భుజం ఎంతుంటదనుకున్నరు? పిట్ట భుజం. నా చెయ్యి దాని మీద ఏసి, నేను కుంటుకుంట, ఆమె మెల్లగ, మా వాకిట్ల నడిసినం. లచ్చమ్మ కొంగు నోట్ల పెట్టుకొని నవ్వుడే నవ్వుడు. ఊరంత తిరిగి పెద్దమ్మను నడిపిస్తనని చెప్పుకున్నోన్ని నేనే కదా! చేదబావి దాక పోయి, మళ్ల మంచం కాడికి వచ్చేసరికి ఆయాసమొచ్చి కూలబడ్డ.

ఆమె నా దిక్కు సూసి, "గింతకే అలిసినవా? రేపు పొద్దుగాల మళ్లొస్త" అని చెప్పి, కాలు ఎత్తి ఎత్తి ఏసుకుంట ఇంటికి పోయింది.